కట్ట ఒక గీత, తూము ఒక చుక్క: చెరువుల జాబితా కదిలే మ్యాప్‌గా మారేదెలా

మొదటిసారి నా మ్యాప్ తెరిచినప్పుడు బుక్కరాయసముద్రం చెరువు ఉత్తర ధ్రువానికి దగ్గర్లో కనిపించింది. నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మధ్యన. సింగనమల చెరువూ అక్కడే, దాని పక్కనే. జాబితాలో రాసుకున్న చెరువులన్నీ ఒక్కటీ తప్పిపోకుండా ఆ దీవుల చుట్టే చుక్కలై కూర్చున్నాయి. అనంతపురం దగ్గర మాత్రం ఒక్క చుక్క కూడా లేదు.

అంకెల్లో తప్పు లేదు. అనంతపురం పట్టణం అక్షాంశం సుమారు 14.68, రేఖాంశం సుమారు 77.60. తిరగబడింది వాటి వరస. 77.60ని అక్షాంశంగా, 14.68ని రేఖాంశంగా చదివితే భూమ్మీద ఆ చోటు నిజంగానే స్వాల్‌బార్డ్. కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఇది కొత్తగా మ్యాప్ చేసేవాళ్లలో చాలామందికి ఎదురయ్యే తప్పే. దానికో కారణం ఉంది. జియోజేసన్ అనే ఫైలు పద్ధతిలో రేఖాంశం ముందు రాయాలి, అక్షాంశం తర్వాత. 2016లో దానికి ప్రామాణిక రూపం ఇచ్చినప్పుడు కూడా ఈ వరసనే ఖాయం చేశారు. ఆ ఫైలును తెర మీద గీసే లీఫ్‌లెట్‌లో మనం చేత్తో ఒక చుక్క పెట్టాలంటే మాత్రం అక్షాంశమే ముందు. మొదటిది గ్రాఫు కాగితం అలవాటు, అడ్డం ముందు నిలువు తర్వాత. రెండోది బళ్లో భూగోళం పాఠంలో మనకు అబ్బిన అలవాటు. ఒకే మ్యాప్‌లో రెండూ పక్కపక్కనే పనిచేస్తుంటాయి. ఎక్కడ ఏది ముందో తెలుసుకోవడం మన బాధ్యత.

ఊరి చెరువులో, బడులో, బస్సు స్టాపులో, ఏదో ఒక జాబితా చేతిలో ఉండి, దాన్ని వేలితో కదిపే మ్యాప్‌గా మార్చాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కోడ్ వరసలు నేర్పడం నా ఉద్దేశం కాదు. అది పదిహేను వరసల్లో అయిపోతుంది, కోడ్ అసలు వద్దనుకుంటే యూమ్యాప్ లాంటి ఉచిత సైట్లు ఉన్నాయి. ఆ పదిహేను వరసల ముందు చేయాల్సిన పని గురించి తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ. నాకు నెలలు పట్టింది అక్కడే.

చెరువును విడదీసి చూడటం

మా వైపు చెరువు అంటే నీళ్లు నిలిచే పల్లం ఒక్కటే కాదు. కట్ట, పొలాలకు నీళ్లు వదిలే తూము, నిండాక ఎక్కువైన నీళ్లు పోయే మరవ, పైనుంచి నీళ్లు తెచ్చే వంక, కింద పారే ఆయకట్టు, ఇవన్నీ కలిస్తేనే చెరువు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర కట్టించిన చెరువు గురించి వేయించిన శాసనం. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో వరసగా చెప్పారు. రోజూ 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేస్తే రెండేళ్లు పట్టిందని కూడా రాశారు. చెరువును అంగాలుగా విడదీసి చూడటం మనకు ఆరున్నర శతాబ్దాల కిందటే తెలుసు. మ్యాప్ చేసేవాళ్ల మొదటి పని కూడా అదే.

కంప్యూటర్‌కు భూమ్మీది వస్తువులన్నీ మూడు రూపాల్లోకి రావాలి. చుక్క, గీత, చుట్టూ గీత మూసుకున్న జాగా. తూము చుక్క. కట్ట గీత, వంక గీత. నీళ్లు పరుచుకునే లోతట్టు, ఆయకట్టు పొలాలు మూడో రూపం, దాన్ని పాలిగన్ అంటారు. పాలిగన్ రాసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టామో ఆ బిందువునే చివర మళ్లీ రాయాలి. పొలం చుట్టూ గట్టు మీద నడిచి మళ్లీ మొదటి హద్దురాయి దగ్గరికి వచ్చినట్టు. అలా రాయకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు సర్దుకుంటాయి, కొన్ని ఫైలునే తిరస్కరిస్తాయి.

ప్రతి రూపం వెనకా పట్టికలో ఒక వరస ఉంటుంది. చెరువు పేరు, మండలం, ఆయకట్టు ఎకరాలు, తూములు ఎన్ని, చివరిసారి మరవ పారింది ఏ ఏడాది. ఆకారమూ ఆ వరసా విడిపోకుండా కలిసి ఉంటేనే భౌగోళిక డేటా. గోడకు తగిలించిన మ్యాప్‌లో ఆకారమే కనిపిస్తుంది, వరస గీసినవాడి దగ్గరే ఉండిపోతుంది. ఇంటరాక్టివ్ మ్యాప్‌లో చెరువు మీద వేలు పెట్టగానే ఆ వరస తెరుచుకుంటుంది. నాకు ఈ రకం మ్యాప్ మీద ఇష్టం పుట్టింది ఇందుకే. బుక్కరాయసముద్రం కట్ట మీద వేలు పెడితే ఎకరాల లెక్కతో పాటు, కట్ట తెగకుండా ప్రాణమిచ్చిందని మనవాళ్లు చెప్పుకునే ముసలమ్మ కథ కూడా అక్కడే తెరుచుకోవచ్చు.

ఇంతవరకూ సులువు. అసలు చిక్కు, చెరువు అంచు ఎక్కడ?

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది. అదీ అన్నేళ్లూ పడదు. మే నెలలో తీసిన ఉపగ్రహ చిత్రం చూసి చెరువు గీద్దామంటే అక్కడ కంపచెట్లు, పశువుల దారులు తప్ప నీళ్లుండవు. మంచి వాన పడిన ఏడాది అక్టోబరు చిత్రంలో అదే చోట కిలోమీటరు పొడవున నీళ్లు మెరుస్తుంటాయి. ఈ రెంటిలో ఏది చెరువు? మొదట నేను నీళ్లున్న చిత్రం చూసి గీశాను. రెండు చెరువులయ్యాక అది తప్పని అర్థమైంది. నేను గీస్తున్నది చెరువును కాదు, ఒకానొక రోజు చెరువులో ఉన్న నీళ్లను.

జవాబు మరవ దగ్గర ఉంది. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు మరవ మీదుగా దిగిపోతాయి. అంటే మరవ గట్టు ఏ ఎత్తులో ఉందో, చెరువు చుట్టూ ఆ ఎత్తున్న బిందువులన్నీ కలిపితే అదే నిండు చెరువు అంచు. ఇంజనీర్లు దాన్ని పూర్తి నీటి మట్టం అంటారు. ఏ ఏడాదైనా, నీళ్లున్నా లేకపోయినా, ఆ గీత మారదు. కాబట్టి మ్యాప్‌లో రెండు పొరలు కావాలి. మరవ మట్టానికి గీసిన చెరువు అంచు ఒకటి, ఫలానా తేదీన కనిపించిన నీళ్లు ఇంకొకటి. రెండో పొరకు తేదీ తప్పనిసరి.

ఆ ఎత్తు ఎలా తెలుస్తుంది? 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. కొండలకు అది చాలు. చెరువు లోతట్టు లాంటి చదునైన నేలకు చాలదు, ఎందుకంటే ఎత్తులో కొన్ని మీటర్ల తేడా వస్తుంది, మన చెరువుల్లో నీటి లోతే కొన్ని మీటర్లు. చివరికి కట్ట చివర నుంచి లోతట్టు చుట్టూ నడిచి, పాత నీటి గుర్తులు చూసి, రైతుల్ని అడిగి గీసుకోవడమే నమ్మదగిన దారి. ఇంత పట్టింపు ఎందుకంటారా? 2022 అక్టోబరులో నడిమి వంక పొంగి అనంతపురంలో లోతట్టు కాలనీలు మునిగాయి. ఇల్లు కట్టుకునే మనిషి తన జాగా చెరువు అంచుకు లోపల ఉందా, బయట ఉందా అని ఫోన్‌లో చూసుకోగలగాలి. అది కనిపించాలంటే గీసేవాళ్లు మే నెల చిత్రాన్ని నమ్ముకోకూడదు.

అంకెల్లో దాగే తప్పులు

స్వాల్‌బార్డ్ తప్పు పెద్దదే, కానీ చూడగానే తెలిసిపోతుంది. కనిపించని తప్పులు దానికంటే ప్రమాదం.

పాత జాబితాల్లో అక్షాంశం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటుంది. డిగ్రీకి 60 నిమిషాలు, గడియారంలో గంటకు మల్లే. 14 డిగ్రీల 41 నిమిషాలు అంటే 41ని 60తో భాగించి 14.683 అని రాయాలి. తొందరలో ఎవరో 14.41 అని కొట్టేస్తారు. 77 డిగ్రీల 36 నిమిషాలను 77.36 అనేస్తారు. అక్షాంశంలో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు, మన దగ్గర రేఖాంశంలో ఒక డిగ్రీ 108 కిలోమీటర్ల లోపు. లెక్క కడితే ఆ చుక్క ఉండాల్సిన చోటు నుంచి నైరుతికి దాదాపు 40 కిలోమీటర్లు జరిగిపోతుంది. అయినా సీమ నేల మీదే పడుతుంది, ఏదో ఒక ఊరి పక్కనే పడుతుంది. చూసేవాళ్లకు అనుమానం రాదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. నిమిషాలు 59 దాటవు. జాబితా మొత్తంలో దశాంశ బిందువు తర్వాత వచ్చే రెండు అంకెలు ఎక్కడా 60కి పైన లేకపోతే, అవి డిగ్రీల దశాంశాలు కావు, నిమిషాలే. నిజమైన దశాంశాలైతే 60 నుంచి 99 దాకా కూడా కనిపించాలి. నాకు చేరిన ఒక ఎక్సెల్ జాబితాలో ఈ పరీక్ష పెట్టాక సగం చెరువులు వాటి చోటికి అవి వచ్చాయి.

ఇంకో రకం ఖాళీ గడులు. వాటిని కొన్ని సాఫ్ట్‌వేర్లు సున్నా అనుకుంటాయి. సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం ఆఫ్రికా పడమటి తీరాన గినీ సింధుశాఖలో కలుస్తాయి. మీ చెరువుల్లో కొన్ని అట్లాంటిక్ సముద్రంలో తేలితే అవి ఎవరూ కొలవని చెరువులని అర్థం. తీసెయ్యకండి, విడిగా రాసిపెట్టుకోండి. ఎక్కడికి వెళ్లి కొలవాలో చెప్పే జాబితా అదే.

దశాంశాలు ఎన్ని ఉండాలన్నది కూడా ఆలోచించాల్సిందే. నాలుగు దశాంశాలంటే దాదాపు 11 మీటర్లు, అయిదంటే ఒక మీటరు చిల్లర. చేతిలో ఫోన్ జీపీఎస్ బయలు ప్రదేశంలో కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అలాంటప్పుడు 14 దశాంశాలు రాసి పెట్టుకుంటే ఖచ్చితత్వం పెరగదు, ఫైలు బరువు పెరుగుతుంది. తూముకు అయిదు చాలు.

పాత కాగితపు మ్యాపుల నుంచి గీసేవాళ్లకు మరో జాగ్రత్త. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ దక్షిణాదంతా పాకింది. ఆ సర్వే కోసం మన గుత్తి దగ్గర కూడా ఒక ఆధార రేఖను కొలిచారు. గుత్తి కోట ఎక్కినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. ఆ సర్వే వారసత్వంగా వచ్చిన పాత టోపోషీట్లు భూమి ఆకారాన్ని ఎవరెస్ట్ పేరుతో ఉన్న లెక్కలో తీసుకున్నాయి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. రెంటిలోనూ అక్షాంశ రేఖాంశాలే ఉంటాయి కానీ ఒకే అంకె నేల మీద ఒకే చోటును చూపదు. మన ప్రాంతంలో ఆ తేడా వంద మీటర్లు దాటుతుంది. కట్టకు ఈ పక్కనున్న తూము ఆ పక్కకు పోవడానికి అది చాలు. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు ఏ లెక్కలో ఉందో చెబితే అదే మార్చిపెడుతుంది. చెప్పాల్సింది మాత్రం మనమే. ఫైలుతో పాటు ఆ వివరం లేకపోతే ఇచ్చినవాళ్లను అడిగి తెలుసుకోండి, ఊహించి పెట్టకండి.

పేర్ల దగ్గర పడే తిప్పలు

చెరువు చుక్కలు ఒక ఫైలులో ఉన్నాయి, ఆయకట్టు ఎకరాలు ఇంకో జాబితాలో ఉన్నాయి. రెంటినీ కలపాలి. ఊరి పేరు ఆధారంగా కలుపుదామనుకుంటాం. ఇక్కడే పని ఆగిపోతుంది.

మన ఊళ్ల పేర్లలో కొత్తపల్లులు ఎన్ని, కొత్తచెరువులు ఎన్ని! ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉంటాయి. ఇంగ్లిష్‌లో రాసినప్పుడు పల్లిని ఒకరు ఐ అక్షరంతో ముగిస్తారు, ఇంకొకరు ఈ అక్షరంతో. అనంతపురంలో టీ తర్వాత హెచ్ రాసేవాళ్లున్నారు, రాయనివాళ్లున్నారు, చివర ము చేర్చేవాళ్లున్నారు. మనిషి కంటికి ఇవన్నీ ఒకటే. కంప్యూటర్‌కు ఒక్క అక్షరం మారినా వేరే ఊరు. అందుకే కేంద్ర ప్రభుత్వం ప్రతి గ్రామానికీ, మండలానికీ ఇచ్చిన ఎల్‌జీడీ కోడ్‌ను జాబితాలో మొదటి నుంచే ఒక గడిగా పెట్టుకోవాలి. పేరు చదవడానికి, కోడ్ కలపడానికి.

ఎక్సెల్ వాడేటప్పుడు కోడ్ గడులను, సర్వే నంబర్ల గడులను ముందే అక్షరాల గడులుగా మార్చుకోండి. లేకపోతే 12-3 అనే సర్వే నంబరు తనంతట తానే తేదీ అయిపోతుంది. ఒకసారి మారి సేవ్ అయిందంటే వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

తెలుగులో పేర్లు పెట్టాలనుకుంటే, పెట్టాలనే నా మాట, ఇంకో రెండు సంగతులు. పాత డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లలో కొట్టిన జాబితాలు తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నది తెలుగు కాదు. ఆ ఫాంట్ తీసేస్తే పిచ్చి గీతలే మిగులుతాయి. యూనికోడ్‌లోకి మార్చాకే మ్యాప్‌లోకి తేవాలి, మార్చాక ఒత్తులు గుణింతాలు ఒక్కొక్కటీ చూసుకోవాలి. రెండోది, చాలా ప్రభుత్వ డేటా షేప్‌ఫైలుగా వస్తుంది. పేరుకు ఒక ఫైలు, నిజానికి నాలుగైదు ఫైళ్ల గుంపు, అందులో ఒకటి పోయినా పని చెడుతుంది. దాని గడుల శీర్షికలకు పది బైట్ల జాగానే ఉంటుంది. యూనికోడ్ తెలుగులో ఒక్కో అక్షర రూపానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి ఆయకట్టు అన్న మాట కూడా అందులో పట్టదు. షేప్‌ఫైలును క్యూజీఐఎస్‌లో తెరిచి జియోజేసన్‌గా సేవ్ చేసుకుంటే ఈ బాధ పోతుంది.

జిల్లా సరిహద్దుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య జిల్లా విడిపోయాయి. అనంతపురం పెద్ద చెరువులనగానే నోటికొచ్చే బుక్కపట్నం, ధర్మవరం చెరువులు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పాత సరిహద్దు ఫైలు, కొత్త జాబితా కలిస్తే చెరువు ఒక జిల్లాలో, దాని లెక్క ఇంకో జిల్లాలో పడుతుంది. నీళ్లకు జిల్లా గీత తెలియదు. చిత్రావతి పైన బుక్కపట్నం, కింద ధర్మవరం దాటి పోతూనే ఉంటుంది. అందుకని నేను జిల్లా గీత సన్నగా వేసి, వంకలను ముదురుగా వేశాను.

పలకల మీద పరిచిన భూమి

ఇక తెర సంగతి. మన చెరువుల అడుగున, వేలితో లాగితే జరిగే ఆ మ్యాప్ ఒక్క బొమ్మ కాదు, చిన్న చిన్న చదరపు పలకలు. ఒక్కోటి అడ్డం 256, నిలువు 256 పిక్సెళ్లు. జూమ్ సున్నాలో ప్రపంచమంతా ఒకే పలక. ఒక మెట్టు దిగితే ఆ పలక నాలుగవుతుంది, ఇంకో మెట్టు దిగితే పదహారు. జూమ్ 10కి వచ్చేసరికి 10,48,576 పలకలు. పడమటి అంచు నుంచి సున్నాతో లెక్కపెడుతూ వస్తే అనంతపురం పట్టణం 732వ నిలువు వరసలో, ఉత్తరం నుంచి 469వ అడ్డ వరసలో ఉన్న పలక మీద పడుతుంది. మీ ఫోన్ పది లక్షల పలకలనూ తెచ్చుకోదు. తెరలో పట్టే పది పన్నెండు పలకలను వాటి నంబర్లతో అడిగి తెచ్చుకుంటుంది. పల్లెలో సిగ్నల్ రెండు గీతలున్నా మ్యాప్ నడుస్తోందంటే ఈ ఏర్పాటు వల్లే.

ఆ పలకలు ఎవరివి? నేను వాడినవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌వి. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాక ప్రపంచమంతటా స్వచ్ఛందంగా గీస్తున్నవాళ్ల కృషి అది. ఉచితం, అయితే మ్యాప్ మూలన వాళ్ల పేరు ఉండి తీరాలి. అది తీసేసి పెట్టే మ్యాపులు చూస్తే నాకు బాధేస్తుంది. ఇస్రో వాళ్ల భువన్ కూడా మనకు ఉపగ్రహ చిత్రాలను పొరలుగా ఇస్తుంది.

వాటి మీద మన పొరను గీసేది లీఫ్‌లెట్. ఉక్రెయిన్‌కు చెందిన వొలొదిమిర్ అగాఫొన్‌కిన్ 2011లో విడుదల చేసిన చిన్న, ఉచిత కోడ్. పేజీలో మ్యాప్‌కు ఒక పెట్టె, దాని మొదటి చూపు ఎక్కడో చెప్పే అంకెలు, పలకలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే చిరునామా, మన జియోజేసన్ ఫైలు, చెరువు మీద వేలు పెడితే ఏ గడులు చూపాలో చెప్పే వరస. అంతే. మొదటిసారి చేసేవాళ్లను ఇక్కడ రెండు విషయాలు ఏడిపిస్తాయి. పెట్టెకు ఎత్తు ఇవ్వకపోతే తెర తెల్లగా ఉంటుంది, తప్పు ఎక్కడుందో ఏమీ చెప్పదు. పేజీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే పక్కనున్న డేటా ఫైలును చదవడానికి బ్రౌజర్ భద్రత పేరుతో ఒప్పుకోదు. మన కంప్యూటర్‌లోనే చిన్న లోకల్ సర్వర్ నడిపి తెరవాలి, లేదా గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత చోట పెట్టి చూడాలి.

చెరువులను దూరం నుంచి వృత్తాలుగా చూపేటప్పుడు ఒక లెక్క మరిచిపోవద్దు. 100 ఎకరాల ఆయకట్టు, 400 ఎకరాల ఆయకట్టు ఉన్న రెండు చెరువులకు రెండో వృత్తం వ్యాసార్థం నాలుగింతలు పెడితే దాని వైశాల్యం పదహారింతలవుతుంది. కన్ను చూసేది వైశాల్యాన్నే. వ్యాసార్థం రెండింతలు చాలు, అంటే ఎకరాలకు వర్గమూలం తీసుకోవాలి. ఇలా చేయకపోతే చిన్న చెరువులు మ్యాప్‌లో కనుమరుగవుతాయి. ఒకదాని కింద ఒకటిగా ఉండే గొలుసుకట్టు చెరువుల్లో పై చిన్న చెరువు తెగితే కింది పెద్ద చెరువుకు ప్రమాదం, కాబట్టి చిన్నవి కనబడాలి.

పాలిగన్లు వేల బిందువులతో ఉంటే ఫోన్ నీరసిస్తుంది. మేప్‌షేపర్ అనే ఉచిత పనిముట్టుతో బిందువులు తగ్గించుకోవచ్చు. మండలాల లాంటి ఆనుకుని ఉన్న పాలిగన్లను విడివిడిగా తగ్గిస్తే హద్దుల మధ్య సందులు పడతాయి. అన్నీ ఒకే ఫైలులో ఉంచి ఒకేసారి తగ్గిస్తే అది ఉమ్మడి హద్దును ఉమ్మడిగానే ఉంచుతుంది.

పదిమందికీ చూపే ముందు

2021 ఫిబ్రవరి 15న కేంద్రం కొత్త మార్గదర్శకాలు తెచ్చాక భారతీయులు మ్యాపులు తయారు చేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. కానీ దేశ సరిహద్దును సర్వే ఆఫ్ ఇండియా చూపినట్టు కాకుండా చూపిస్తే చట్టప్రకారం నేరం. బయటి దేశాల్లో తయారైన పలకల్లో కాశ్మీర్ దగ్గర గీతలు వేరుగా ఉంటాయి. చెరువుల మ్యాప్‌కు కాశ్మీర్ దాకా పోయే అవసరం లేదు కాబట్టి, ఒక స్థాయికి మించి వెనక్కి జరగకుండా, రాయలసీమ దాటి లాగకుండా లీఫ్‌లెట్‌లోనే హద్దు పెట్టుకోవచ్చు. నేను అదే చేశాను.

మనం పాటించాల్సింది ఇంకోటి ఉంది. జాబితాలో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరి బోరు ఎక్కడుందో ఉంటే ఆ గడులు మ్యాప్‌లోకి రాకూడదు. తెరలో చూపకపోతే చాలదు. జియోజేసన్ ఫైలు మొత్తం చూసేవాళ్ల ఫోన్‌లోకి దిగుతుంది, కావాలంటే ఎవరైనా తెరిచి చదవగలరు. ఫైలులోంచే తీసెయ్యాలి.

2023లో కేంద్ర జలశక్తి శాఖ విడుదల చేసిన మొదటి జలవనరుల గణనలో దేశం మొత్తం మీద 24,24,540 జలవనరులు తేలాయి. ఆ గణనలో ట్యాంకులుగా లెక్కపెట్టిన చెరువులు అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అంత పెద్ద లెక్కలో మన ఊరి చెరువు ఒక వరస. ఆ వరసలో రాసింది నేల మీద అలాగే ఉందో లేదో చూడగలిగేది ఆ ఊళ్లో ఉన్నవాళ్లే. అందుకే నా ఫైలులో ప్రతి చెరువుకూ రెండు గడులు అదనంగా పెట్టాను. ఒకటి ఆధారం, రెండోది చూసిన తేదీ. జాబితాలోంచి తెచ్చిన చెరువు లేత రంగులో, నేను స్వయంగా కట్ట మీద నిలబడి చూసిన చెరువు ముదురు నీలంలో కనిపిస్తుంది. ముదురువి ఇంకా తక్కువే.

మొదటి రూపం పూర్తయ్యాక మా ఊళ్లో ఒకప్పుడు నీరుగంటిగా, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే పని చేసిన తాతకు ఫోన్‌లో చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు. "కట్ట ఈ పక్కన, తూము ఈడ, సరిపాయ. మరవ నీళ్లు యాడికి పోతాయి నాయనా?" అన్నారు. నా మ్యాప్‌లో పైనుంచి వచ్చే వంకలున్నాయి కానీ, మరవ నుంచి కింది చెరువుకు దిగే వంక లేదు. ఉపగ్రహ చిత్రంలో అక్కడ వంక ఆనవాలు కనిపించలేదు, అందుకని గీయలేదు.

తర్వాతి ఆదివారం ఇద్దరం మరవ దగ్గర మొదలుపెట్టి నడిచాం. చింతచెట్టు, పాత కల్వర్టు, ఒక బావి, ఆయన ఆగి చూపించిన చోటల్లా నేను ఫోన్‌లో చుక్క పెట్టాను. సాయంత్రం ఇంట్లో కూర్చుని ఆ చుక్కలన్నీ కలిపితే గీత నేరుగా కింది చెరువుకే పోయింది. మధ్యలో హద్దురాళ్లు పాతి ఇళ్ల ప్లాట్లుగా వేసిన ఒక వెంచరు గుండా పోయింది.

ఆ గీతను విడిగా ఒక పొరలో, తెగిన గీతగా పెట్టాను. ఆధారం గడిలో "నీరుగంటి చూపిన దారి, వానాకాలంలో మళ్లీ చూడాలి" అని రాశాను.